పెళ్లి క్యాసెట్ లుక్ కావాలంటే ముందు ఆ గీతలు తీసేయండి

అక్క సంగీత్‌లో వేయడానికి ఫోన్ క్లిప్పులకు డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీహెచ్‌ఎస్ (పాత వీడియో క్యాసెట్) ఓవర్‌లే, అంటే బొమ్మ మీద గీతలూ మచ్చలూ ఉన్న పొర వేశానని, అయినా 90ల క్యాసెట్‌లా కాకుండా నకిలీగా ఉందని, ఏం చేయాలని ఒకరు అడిగారు. కృష్ణానగర్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఈ మధ్య అమ్మానాన్నల క్యాసెట్ పట్టుకొచ్చి "అచ్చం ఇలాగే కావాలి" అనే పార్టీలు ఎక్కువయ్యారు.

ఓవర్‌లేల్లో వచ్చే నిలువు గీతలు, దుమ్ము మచ్చలు ఫిల్మ్ రీలువి, టేపువి కావు. టేపు పాడైతే అడ్డంగా తెల్లటి చిన్న మెరుపులు వస్తాయి, అవీ ఎప్పుడో ఒకసారి. పాత క్యాసెట్ ఏదైనా వేసి చూడండి, చాలాసేపు బొమ్మ నిలకడగానే ఉంటుంది. పాతదనమంతా కదలికలోనూ రంగులోనూ ఉంటుంది.

అప్పట్లో మన టీవీలు, వీడియోలు వాడిన పాల్ (PAL) పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములే అయినా ఒక్కో ఫ్రేమ్ రెండు సగాలుగా, అంటే 50 ఫీల్డులుగా రికార్డయ్యేది. అందుకే తలంబ్రాలు పోస్తున్నా, బ్యాండు ముందు బాబాయిలు ఎగురుతున్నా కదలిక నున్నగా జారినట్టుంటుంది. 24 ఫ్రేముల్లో తీసి ఎన్ని ఎఫెక్టులు వేసినా అది సినిమాలాగే కనిపిస్తుంది. ఫోన్ ఒప్పుకుంటే బ్లాక్‌మ్యాజిక్ క్యామెరా యాప్‌లో 50 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టి తీయండి, టైమ్‌లైన్ కూడా 50 ఉంచండి. ఇప్పటికే 60లో తీసేసి ఉంటే 60లోనే వదిలేయండి, మారిస్తే కుదుపులొస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వద్దు. అప్పటి వీడియో క్యామెరాల సెన్సర్ చిన్నది, వెనకున్న షామియానా కూడా స్పష్టంగానే కనిపించేది.

ఇక రంగు. వీహెచ్‌ఎస్‌లో వెలుగునీడల వివరం సుమారు 240 లైన్లు, రంగు వివరం అందులో దాదాపు ఆరో వంతే. ఎర్ర పట్టుచీర రంగు అంచు దాటి పక్కకు కారేది అందుకే. టైమ్‌లైన్ 768×576 పెట్టి, కలర్ పేజీలో నోడ్ (ఒక్కో మార్పు వేసే పెట్టె) మీద రైట్ క్లిక్ చేసి కలర్ స్పేస్‌ను వెలుగునీ రంగునీ విడదీసే వైయూవీకి మార్చండి. వెలుగుండే ఛానెల్ 1 ఆపేసి, రంగుండే మిగతా రెంటికే బ్లర్ ఇవ్వండి, హెచ్/వీ రేషియోతో అది అడ్డంగా పాకేలా చూడండి. తర్వాతి నోడ్‌లో మొత్తం బొమ్మకు కాస్త బ్లర్, దానిమీద షార్పెన్. మనుషుల చుట్టూ సన్నటి తెల్ల అంచు వచ్చిందంటే దారిలో పడ్డట్టే. పాత టేపు లుక్ ఇచ్చే అనలాగ్ డ్యామేజ్ ఎఫెక్ట్ రిజాల్వ్‌లో డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంటుంది. దానికోసం కొనక్కర్లేదు, అదే పని చేసే ఎన్‌టీఎస్‌సీ-ఆర్‌ఎస్ (ntsc-rs) ప్లగిన్ ఉచితం.

ఫ్రేమ్ అడుగున మెలితిరిగే గీతలు టేపును చదివే హెడ్ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు వచ్చేవి. అప్పటి టీవీలు బొమ్మ అంచులు దాచేసేవి కాబట్టి ఇంట్లో ఎవరూ వాటిని చూసి ఉండరు, కంప్యూటర్‌లోకి ఎక్కించాకే బయటపడ్డాయి. కాబట్టి అవి పెట్టడం మీ ఇష్టం, నేనైతే పెట్టను. దానికంటే క్యామెరా పక్కన ఒకే గట్టి లైటు పెట్టి తీయండి. మొహాలు ఆ వెలుగుకి తెల్లగా మెరవాలి, వెనక మండపం చీకట్లో మునగాలి.

ఆడియో మోనో చేసి 10,000 హెర్ట్జ్ పైన కోసేయండి. ఎక్స్‌పోర్ట్ 1440×1080లో చేయండి. వాట్సాప్ గ్రూపులో పంపే కాపీకి మాత్రం నాయిస్ (బొమ్మలో కదిలే చుక్కలు) బాగా తగ్గించండి, లేదంటే కంప్రెషన్‌కి మొహాలన్నీ గళ్ళుగళ్ళుగా అయిపోతాయి.