డోస్ పెంచే ముందు పంపు నిజంగా ఎంత పోస్తోందో కొలవండి

మీ ప్రశ్న ఇదీ: లాండ్రీలో ఆటోమేటిక్ డోసింగ్ పంపులున్నాయి, సెట్టింగ్ ఎవరూ ముట్టుకోలేదు, అయినా ఒక లోడు శుభ్రంగా వస్తోంది, ఇంకో లోడులో మురికి అలాగే ఉంటోంది. సర్వీసు అతను వచ్చినప్పుడల్లా డోస్ కొంచెం పెంచి వెళ్తున్నాడు. కెమికల్ ఖర్చు పెరుగుతోంది. పంపులు మార్చేయాలా అని అడిగారు.

మార్చే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నేను చాలా ఏళ్లుగా ఈ పరికరాల సర్వీసులోనే ఉన్నాను. మీరు చెప్పినలాంటి ఫిర్యాదుల్లో పంపు మోటారు పాడైనవి తక్కువ. ఎక్కువసార్లు బయటపడేది ఒకటే, పంపు ఎంత పోస్తోందో ఎవరూ కొలవలేదని.

లాండ్రీల్లో ఎక్కువగా ఉండేవి పెరిస్టాల్టిక్ పంపులు. మెత్తటి ట్యూబును రోలర్లు నొక్కుకుంటూ తిరుగుతాయి, కెమికల్ ముందుకు కదులుతుంది. మామూలు మోడళ్లలో పంపుకి తెలిసింది ఎన్ని సెకన్లు తిరగాలన్నది మాత్రమే. స్క్రీన్ మీద 120 మి.లీ. అని కనిపిస్తే, క్యాలిబ్రేషన్ (పంపు పోసేది కొలిచి, సెట్టింగ్‌ను దానికి సరిచేయడం) చేసిన రోజున ఆ పంపు నిమిషానికి ఎంత పోసిందో దాన్నిబట్టి వేసిన లెక్క అది. అప్పట్నుంచి ట్యూబు నలుగుతూనే ఉంది. నలిగిన ట్యూబు మళ్లీ పూర్తిగా గుండ్రంగా విచ్చుకోదు, పీల్చుకునేది తగ్గిపోతుంది. స్క్రీన్ మాత్రం 120 అనే చూపిస్తుంది.

కొలవడం కష్టమేమీ కాదు. కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకోండి. కెమికల్ క్యాన్‌లో ఉన్న సక్షన్ గొట్టాన్ని, అదే కెమికల్ పోసిన కొలజాడీలో పెట్టండి. గాలి బుడగలు పోయేదాకా పంపు నడిపి, తర్వాత అసలు డోస్ ఒకటి ఇవ్వండి. జాడీలో ఎంత తగ్గిందో అదే మీ డోస్. నీళ్లతో కొలవద్దు, చిక్కటి కెమికల్‌కి వచ్చే ఫలితం వేరు. పంపు మూతి దగ్గర గొట్టం ఊడదీసి పట్టుకోవడం కన్నా ఈ పద్ధతి మంచిది, ఎందుకంటే పంపు మామూలుగా ఏ ఒత్తిడికి ఎదురు పోస్తుందో అదే ఒత్తిడి మీద కొలుస్తున్నాం.

మూడుసార్లు కొలవండి. మూడూ దాదాపు ఒకేలా ఉండి, సెట్ చేసినదానికన్నా తక్కువ వస్తే ట్యూబు అరిగిందనుకోవచ్చు. మూడూ మూడు రకాలుగా వస్తే ట్యూబు కన్నా ముందు సక్షన్ గొట్టంలోకి గాలి దూరుతోందేమో చూడండి. సక్షన్ వైపు క్లిప్పు వదులైందా, గొట్టం అడుగున ఉండి కెమికల్ వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వులో చెత్త ఇరుక్కుందా, క్యాన్ ఖాళీ అవుతున్నా ఎవరూ గమనించడం లేదా? మీ దగ్గర ఒక లోడు బాగుండి ఇంకోటి బాగుండటం లేదన్నారు కాబట్టి, నాకు మొదటి అనుమానం ఇక్కడే.

డోస్ పెంచుకుంటూ పోవడం ఎందుకు ప్రమాదమో ఒక లాండ్రీలో కళ్లారా చూశాను. టవల్స్ మురికిగా ఉన్నాయని ప్రతి విజిట్‌లోనూ డిటర్జెంట్ సెకన్లు పెంచారు. కొన్నాళ్లకు ట్యూబు చిట్లింది, కొత్తది వేశారు. పెంచిన సెకన్లు అలాగే ఉండిపోయాయి! కొత్త ట్యూబు పూర్తిగా పోయడం మొదలుపెట్టింది. టవల్స్ అట్టల్లా గరుకెక్కాయి, చివరి రిన్స్‌లో కూడా నురగ పోలేదు, వాడినవాళ్లు దురద అంటున్నారు. ఈసారి సాఫ్ట్‌నర్ పెంచారు. నేను వెళ్లాక ముందు పీహెచ్ స్ట్రిప్‌తో (నీళ్లలో ఆమ్లమో క్షారమో రంగుతో చూపే కాగితం) చివరి రిన్స్ నీళ్లు, కుళాయి నీళ్లు పక్కపక్కన చూశాం. రిన్స్ నీళ్లలో క్షారం స్పష్టంగా మిగిలిపోతోంది. ప్రతి పంపునూ కొలిచి, సెట్టింగులు మళ్లీ మొదటి నుంచీ వేశాకే ఆ గొడవ తీరింది.

అందుకే ట్యూబు మార్చిన ప్రతిసారీ క్యాలిబ్రేషన్ చేయాల్సిందే. కొత్త ట్యూబు కాస్త నలిగి సర్దుకుంటుంది కాబట్టి కొన్ని రోజుల తర్వాత ఇంకోసారి చూస్తే మంచిది. ఎప్పుడు మార్చాలన్నదానికి మాన్యువల్లో గడువు ఉంటుంది, కానీ డోస్ 10 శాతం పడిపోతే నేను గడువు కోసం ఆగను. ట్యూబు రకం కూడా చూసుకోండి, సైజు సరిపోయింది కదా అని ఏదో ఒకటి బిగించకూడదు. సిలికాన్ ట్యూబు రిన్స్ ఎయిడ్‌కి (డిష్‌వాషర్‌లో చివరి కడుగులో వేసేది) బాగుంటుంది, గాఢమైన యాసిడ్‌కీ కాస్టిక్‌కీ (ఘాటైన క్షారం) పనికిరాదు. రోలర్లకు పెట్రోలియం గ్రీజు రాస్తే ఈపీడీఎం లాంటి రబ్బరు ఉబ్బిపోతుంది, అలాంటి ట్యూబుకి సిలికాన్ గ్రీజు వాడండి.

పంపు సరిగ్గానే పోస్తున్నా ఫలితం రాకపోవచ్చు. హైపోక్లోరైట్ బ్లీచ్ వేడికీ వెలుతురుకీ బలం కోల్పోతుంది. బాయిలర్ పక్కన నిలవ ఉన్న క్యాన్‌లోంచి ఎన్ని మి.లీ. పోసినా మరక పోదు. 50 శాతం కాస్టిక్ అయితే 12 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది, చలి గదిలో పంపు తిరుగుతున్నా ఏమీ రాదు. ఇంకో సంగతి, వాషింగ్ మెషిన్ ప్రోగ్రాం ఎవరైనా మార్చారేమో అడగండి. మెషిన్ ఇచ్చే సిగ్నల్ డోస్ పూర్తవకముందే ఆగిపోతే కొన్ని మోడళ్లలో పంపు కూడా మధ్యలోనే ఆగిపోతుంది.

కిచెన్‌లో డిష్‌వాషర్ ఉంటే అక్కడ కథ వేరు. ట్యాంకులో కండక్టివిటీ ప్రోబ్ ఉంటుంది, నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి డిటర్జెంట్ ఎంత ఉందో అంచనా వేసే సెన్సర్ అది. దాని మీద తెల్లటి సున్నపు పొర పేరుకుంటే రీడింగ్ తక్కువ చూపిస్తుంది, కంట్రోలర్ డిటర్జెంట్ చాలలేదనుకుని పోస్తూనే ఉంటుంది. సెట్టింగ్ తగ్గించడం దీనికి మందు కాదు. ప్రోబ్ శుభ్రం చేసి, ట్యాంకు నీళ్లను టైట్రేషన్ కిట్‌తో (చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టి గాఢత తేల్చేది) పరీక్షించి, దానికి తగ్గట్టు సెట్ చేయాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. బ్లీచ్, యాసిడ్ (లాండ్రీలో సవర్ అంటాం) కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. క్యాన్ మార్చేటప్పుడు ఒక గొట్టం ఇంకో క్యాన్‌లోకి వెళ్తే చాలు. గొట్టం రెండు చివర్లా పేరు, రంగు ఉండాలి, రాత్రి షిఫ్టులో కొత్తగా వచ్చినవాళ్లకు కూడా చూడగానే తెలియాలి. ఆ రెండు క్యాన్లనూ పక్కపక్కన పెట్టవద్దు. అన్ని కెమికల్సూ ఒకే పైపులో వెళ్లే సిస్టమ్ అయితే, ఒకదాని తర్వాత నీళ్లు పారి పైపు కడిగాకే ఇంకోటి రావాలి. నీళ్లు రాకపోతే పంపును ఆపడానికి ఫ్లో స్విచ్ ఉంటుంది. నీళ్ల వాల్వు కట్టేసి డోస్ ఇచ్చి చూడండి, అలారం రావాలి. ఆ పరీక్ష డిటర్జెంట్ పంపుతో చేయండి, బ్లీచ్‌తోనో యాసిడ్‌తోనో వద్దు. మాటిమాటికీ అలారం వస్తోందని ఆ స్విచ్‌ను బైపాస్ చేసిన చోటు కనిపిస్తే, దాన్ని సరిచేసేదాకా నేను వేరే పని మొదలుపెట్టను.

డోసింగ్ సిస్టమ్‌కి నీళ్లు తాగునీటి లైను నుంచి వస్తుంటే, మధ్యలో ఎయిర్ గ్యాప్ (నీళ్ల పైపు చివరకీ కింది ట్యాంకు నీళ్లకీ మధ్య ఖాళీ) గానీ, నీళ్లు వెనక్కి పారకుండా ఆపే సరైన బ్యాక్‌ఫ్లో పరికరం గానీ ఉందో లేదో తప్పకుండా చూడండి. లైనులో ఒత్తిడి పడిపోతే కెమికల్ వెనక్కి లాక్కుపోయే అవకాశం ఉంది.

సర్వీసు అతన్ని మార్చాలా వద్దా అన్నది మీ ఇష్టం. కెమికల్ అమ్మే కంపెనీయే పంపులు పెట్టి సర్వీసు చేసే పద్ధతి చాలాచోట్ల ఉంది, బాగా చేసేవాళ్లూ ఉన్నారు. కాంట్రాక్టులో మాత్రం ఒక షరతు పెట్టించండి: ప్రతి విజిట్ స్లిప్పులో ప్రతి పంపుకీ వచ్చినప్పుడు కొలిచిన మి.లీ., వెళ్లేటప్పుడు కొలిచిన మి.లీ. రాయాలి. సెట్టింగ్ మారిస్తే పాతది, కొత్తది, కారణం కూడా ఉండాలి. ‘చెక్ చేశాం, ఓకే’ అని రాసిన స్లిప్పు మీద సంతకం పెట్టకండి. మీ దగ్గర ప్రతి పంపుకీ సరైన రకం ట్యూబు ఒకటి, ఫుట్ వాల్వు ఒకటి, కొలజాడీ, పీహెచ్ స్ట్రిప్పులు ఉంచుకోండి.

కొలిచాక ఆ మూడు రీడింగులు, పంపు సెట్టింగ్, ఏ కెమికలో ఇక్కడే రాయండి. ట్యూబా, గాలా, సిగ్నలా అన్నది వాటిని చూసి చెప్పగలను.