విశాఖలో ఆగిపోయిన ఆటకు పర్లాకిమిడిలో కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. పోయిన నెల పిల్లల సెలవులకి విశాఖలో చెల్లెలి ఇంటికి వెళ్లాం. అక్కడ ఒక మాల్‌లో ఉన్న బౌలింగ్ (బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట) సెంటర్‌కి ఐదుగురం వెళ్తే, మనిషికి రెండు గేమ్‌ల చొప్పున మొత్తం 3,000 రూపాయలు, సాక్సులకి 250 తీసుకున్నారు. డబ్బు మా మరిది యూపీఐలో కట్టాడు. మొదటి గేమ్ ఆరో ఫ్రేమ్‌లో, అంటే ఆరో వంతులో ఉండగా మెషిన్ ఆగిపోయింది. నలభై నిమిషాలు కూర్చోబెట్టి, చివరికి ‘మీ స్లాట్ అయిపోయింది, లేవండి’ అన్నారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే నెలలోపు వాడుకోమని కూపన్ ఇచ్చారు. మా పన్నెండేళ్ల పాపకి నాలుగో నంబర్ షూ అడిగితే, లేదని ఆరో నంబర్ ఇచ్చారు. అది వేసుకుని జారిపడి చీలమండ బెణికింది. ఊరికి వచ్చాక ఎక్స్‌రేకీ మందులకీ 1,800 అయింది. మేనేజర్‌ని నిలదీస్తే ‘ఒడిశా నుంచి వచ్చి మాకు రూల్స్ చెప్తారా’ అని అందరి ముందూ అన్నాడు. బిల్లు అడిగినా ఇవ్వలేదు, ‘5 మంది, 2 గేమ్స్’ అని రాసిన స్లిప్ మాత్రమే ఉంది. ఈ కాస్త డబ్బు కోసం విశాఖ చుట్టూ ఎవరు తిరుగుతారని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు మీవారి సందేహం తీరుద్దాం. మీరు విశాఖ తిరగనక్కర్లేదు. కేసు మీ ఊళ్లోనే, గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వీలు లేదు. అవతలివాళ్లు వ్యాపారం చేసే చోటికో, ఆ సంఘటన జరిగిన చోటికో మనమే వెళ్లాల్సి వచ్చేది. సరిహద్దు ఊళ్లవాళ్లు ఎంతోమంది ఆ ఒక్క కారణంతోనే నష్టాన్ని దిగమింగి ఊరుకున్నారు. పెళ్లి బట్టలు, ఫ్రిజ్జు, ఆస్పత్రి, పిల్లల కోచింగ్, అన్నిటికీ మనం విశాఖకో శ్రీకాకుళానికో వెళ్తాం, గొడవ వస్తే మాత్రం వేరే రాష్ట్రమని వెనక్కి తగ్గుతాం. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 34వ సెక్షన్‌లో, ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పని చేసుకునే చోట కూడా కేసు వేయవచ్చని స్పష్టంగా చెప్పింది. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉన్నా అది అడ్డం కాదు.

దీనికి అవతలి లాయరు ఒక అభ్యంతరం తప్పకుండా లేవనెత్తుతాడు. ‘డబ్బు కట్టింది విశాఖలో ఉన్న మరిది, ఈవిడ మా కస్టమరే కాదు’ అంటాడు. దానికి జవాబు చట్టంలోనే ఉంది. డబ్బు కట్టినవారి సమ్మతితో ఆ సేవ పొందిన వాళ్లు కూడా 2(7) సెక్షన్ ప్రకారం వినియోగదారులే. మీరు ఆడారు, మీ పాప ఆడింది, కట్టిన మనిషి మీ పక్కనే ఉన్నాడు. పాప మైనరు కాబట్టి ఆమె తరఫున తల్లిగా మీరు ఫిర్యాదు చేయవచ్చు, ఆ మాట కూడా చట్టంలో రాసే ఉంది. కాబట్టి ఫిర్యాదుదారుగా మీ పేరు, మైనరు కూతురి తరఫున తల్లిగా కూడా మీ పేరే పెట్టండి. మీ మరిదిగారి చేత ‘వీళ్ల కోసం నేనే కట్టాను’ అని ఒక అఫిడవిట్ రాయించి, యూపీఐ చెల్లింపు వివరాలు జత చేయండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ ఉత్తరం చదివితే మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది మేనేజర్ మాటేనని తెలుస్తోంది. అది సహజం. సొంత భాష మాట్లాడే ఊళ్లోనే, పిల్లల ముందు, పరాయివాళ్లన్నట్టు మాట్లాడితే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. అయినా ఫిర్యాదును ఆ మాటతో మొదలుపెట్టకండి. మాటకు మాటే సాక్ష్యం, ‘నేను అనలేదు’ అంటే చాలు, కేసు అక్కడే బలహీనపడుతుంది. డబ్బు తీసుకుని ఇవ్వని ఆటతో మొదలుపెట్టండి. సేవాలోపం అంటే ఏమిటో చెప్పే 2(11) సెక్షన్‌లో సేవ నాణ్యతతో పాటు సేవ చేసిన తీరు కూడా ఉంది. పనిచేయని మెషిన్, ఇవ్వని బిల్లు, తిరిగివ్వని డబ్బు ముందు రుజువైతే, ఆ తీరులో భాగంగా మేనేజర్ మాటకు కూడా విలువ వస్తుంది.

ఆట సంగతిలో మీ చేతిలో ఉన్న తెల్ల స్లిప్పే మీకు పెద్ద బలం. అందులో ‘2 గేమ్స్’ అని ఉంది కాబట్టి వాళ్లు అమ్మింది గంటలు కాదు, గేమ్‌లు. ఒక గేమ్ అంటే పది ఫ్రేములు. ఆరో ఫ్రేమ్‌లో ఆగిందంటే ఒక్కరికి ఒక్క గేమ్ కూడా పూర్తిగా అందలేదు. స్లాట్ నియమం నిజంగానే ఉందనుకుందాం. అది డబ్బు తీసుకునే ముందు చెప్పాలి. తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా చట్టం దృష్టిలో లోపమే. పైగా ఆ నలభై నిమిషాలు పోయింది వాళ్ల మెషిన్ వల్ల. బిల్లు ఇవ్వకపోవడం, లోపం ఉన్న సేవకు తీసుకున్న డబ్బును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వకపోవడం, రెండూ 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతులే. కూపన్ తీసుకున్నందుకు హక్కు పోయిందేమో అని భయపడకండి. దాన్ని వాడకుండా అలాగే దాచి, ఫిర్యాదుతో పాటు కమిషన్ ముందు పెట్టండి.

పాప దెబ్బ విషయంలో మిమ్మల్ని ఒకటి అడగాలి. పాప ఎక్కడ జారింది? ఫౌల్ లైన్‌కి (దాటకూడని గీతకి) ఇవతల, బంతి వేయడానికి నడిచే చోటా, లేక లైన్ దాటి బంతి దొర్లే లేన్ మీదా? బౌలింగ్ లేన్ మీద నూనె పూత ఉంటుంది, దాని మీద కాలు పెడితే ఎవరైనా జారతారు. పాప అటు వెళ్లి ఉంటే ‘లైన్ దాటొద్దని చెప్పాం’ అని వాళ్లు వాదిస్తారు, పిల్లలకు ముందే చెప్పారా, అక్కడ బోర్డు ఉందా అన్న చర్చ వస్తుంది. ఇవతలే జారి ఉంటే మీ వాదన చాలా గట్టిది. బౌలింగ్ షూ అడుగు మామూలు షూ లాంటిది కాదు, బంతి వదిలేటప్పుడు కాలు సాఫీగా జారేలా నున్నగా ఉంటుంది. అలాంటిదాన్ని రెండు నంబర్లు పెద్దది పిల్లకి తొడిగించడం అజాగ్రత్తే. షూ వాళ్లే ఇచ్చి, అది వేసుకుంటేనే ఆడనిస్తామన్నారు కాబట్టి అదీ సేవలో భాగమే. ‘ఎవరి రిస్క్ వాళ్లదే’ అని గోడ మీద రాసుకున్నంత మాత్రాన సొంత అజాగ్రత్త మాఫీ కాదు. ఒక జాగ్రత్త చెబుతాను. ఆ బోర్డు అన్యాయమైన ఒప్పందం, దాన్ని రద్దు చేయండి అని జిల్లా కమిషన్‌లో అడగకండి, ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌కి, ఆ పైన జాతీయ కమిషన్‌కే ఉంది. సేవాలోపం, అజాగ్రత్త అని మాత్రమే రాయండి.

మీరు ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. సీసీటీవీ రికార్డింగ్‌ని చెరపకుండా ఉంచమని, తేదీ, సమయం, లేన్ నంబరు రాసి సెంటర్‌కి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది, ఇప్పటికే నెల గడిచింది. రికార్డింగ్ పోయినా, అడిగాక కూడా భద్రపరచలేదన్న విషయం రికార్డులో ఉంటుంది. స్కోరు బోర్డు కనిపించే ఫొటో మీ ఇంట్లో ఎవరి ఫోన్‌లో అయినా ఉందేమో వెతకండి. పిల్లలు తప్పకుండా తీసే ఉంటారు. ఆరో ఫ్రేమ్ దగ్గర ఆగిన స్కోరు, ఫొటో తీసిన సమయం, రెండూ కలిసి మీ మాటను నిలబెడతాయి. ఫోన్ ఫొటోలకి 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద, అవి ఏ ఫోన్‌లోవో ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేయండి. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అంత బిగించి చూడవు గానీ, అవతలివాళ్లకి సాకు ఎందుకివ్వాలి? డాక్టరుగారి చీటీలో ‘బౌలింగ్ ఆడుతూ జారిపడటం వల్ల’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆయన తన రికార్డు చూసి సర్టిఫికెట్ ఇవ్వగలరేమో అడగండి.

కేసు ఎవరి మీద? బోర్డు మీది పేరు వేరు, అసలు యజమాని పేరు వేరు కావచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన జీఎస్టీ నంబరును ప్రవేశం దగ్గర బోర్డు మీద రాయాలి. మీ చెల్లెల్ని ఒకసారి వెళ్లి ఫొటో తీయమనండి. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ అయితే ఆ నంబరు 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే యజమాని లేదా కంపెనీ అసలు పేరు వస్తుంది. మాల్‌ని అనవసరంగా లాగకండి, అద్దెకిచ్చినంత మాత్రాన మాల్ మీద తప్పు నిలబడటం కష్టం, కేసు మరింత ఆలస్యమవుతుంది కూడా.

ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు ఆదేశాలు ఇవ్వలేరు గానీ, వాళ్ల దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చిందనగానే చాలా వ్యాపారాలు దిగివస్తాయి. రాకపోతే 15 రోజుల గడువుతో నోటీసు పంపి, ఆ తర్వాత కేసు వేయండి. రెండేళ్ల గడువు ఉంది, అయినా అంతవరకూ ఆగకండి. కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఏమీ లేదు. లాయరు తప్పనిసరి కాదు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక అయిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. కమిషన్ నోటీసు అందాక జవాబుకి అవతలివాళ్లకి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15. అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది గానీ, ఆచరణలో ఇంకాస్త సమయం పడుతుందనుకునే దిగండి. ఫిర్యాదు ఇంగ్లీషులో రాయించండి, తెలుగు కాగితాలకి అనువాదం జత చేయండి.

ఎంత అడగాలి? ఐదు లక్షలు అడగమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. ఆటకి కట్టిన 3,000, వైద్యానికి 1,800, పాప పడ్డ నొప్పికీ మీ అవమానానికీ కలిపి ఓ ఇరవై వేలు, ఖర్చులకి ఐదు వేలు అడగండి. సాక్సులు మీ దగ్గరే ఉంటే ఆ 250 అడగకండి. అడిగిన ప్రతి రూపాయికీ లెక్క ఉందని కమిషన్‌కి కనిపించాలి. ఆదేశం వచ్చాక వాళ్లు కట్టకపోతే సివిల్ కోర్టు డిక్రీలాగే దాన్ని అమలు చేయించవచ్చు, 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ మరిదిగారి అఫిడవిట్ విశాఖలోనే నోటరీ చేయించి పోస్టులో పంపమనండి, దాని కోసం ఆయన పర్లాకిమిడి రానక్కర్లేదు.