ముందు చక్రాల కింద చప్పుడు, ఉప్పు పట్టిన బోల్టులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా కోనసీమ నుంచి, నరసాపురం, భీమవరం వైపు నుంచి వచ్చాయి. బండ్లన్నీ పదేళ్లు దాటినవే, సమస్యలన్నీ ముందు చక్రాల దగ్గరే. అందుకని ఈసారి పేజీ మొత్తం ముందు సస్పెన్షన్‌కే (చక్రాన్ని బండికి కలిపి, కుదుపుల్ని మింగే భాగాలకే) ఇచ్చేశాం.

ప్రశ్న (మలికిపురం): మాది 2009 ఆల్టో అండి. గుంటలో పడినా, స్పీడు బ్రేకరు దిగినా ముందు ఎడమవైపు దడదడమంటోంది. మెకానిక్ గారు రెండువైపులా షాకబ్జర్లు మార్చారు. చప్పుడు తగ్గలేదు. ఇంకేం మార్చాలి?

జవాబు: ఇంకేమీ మార్చకండి, ముందు చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోండి. షాకబ్జరు పోతే బండి ఊగుతుంది, బ్రేకు వేస్తే ముక్కు కిందికి వాలుతుంది. టకటకమనే చప్పుడు మాత్రం చాలాసార్లు బుష్ (రెండు భాగాలు కలిసే చోట వేసే రబ్బరు తొడుగు) నుంచో బాల్ జాయింట్ (గిన్నెలో గుండులా తిరిగే కీలు) నుంచో వస్తుంది.

బండిని గట్టినేల మీద పెట్టి వెనక చక్రాలకు అడ్డుకట్టెలు వేయండి. మన డెల్టా నేల తడిగా ఉంటే జాకీ దిగబడిపోతుంది. దాని కింద అడుగు వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న చెక్క వేయండి. పైకెత్తాక బాడీ కింద జాకీ స్టాండు తప్పనిసరి. ఇటుకలు, కొబ్బరి దుంగలు ఆనించి కింద దూరడం మన ఊళ్లలో మామూలే అయినా ఆ పని చేయొద్దు. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది.

ఇప్పుడు వేలాడుతున్న చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. ఆట (వదులు కదలిక) కనిపిస్తే పక్కవారిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట పోయిందంటే అది వీల్ బేరింగు. పోలేదంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందివైపు బాడీకి కలిపే ఇనుప చెయ్యి) చివరి బాల్ జాయింట్ చూడాలి. ఆర్మ్‌కీ నకిల్‌కీ (చక్రం బిగించి ఉండే ఇనుప దిమ్మకీ) మధ్య పొడవాటి టామీ (ఇనుప కడ్డీ) పెట్టి మెల్లగా ఎత్తండి. ఆల్టోలో బండి బరువు స్ప్రింగు మీదుగా నకిల్‌కి దిగుతుంది, బాల్ జాయింట్ మీద పెద్దగా పడదు. అందుకే చక్రం వేలాడుతున్నప్పుడే దాని ఆట బయటపడుతుంది. కంటికి కనిపించేంత కదిలితే ఆ బండిని ఇక నడపొద్దు. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు మడతపడుతుంది, స్టీరింగు చేతిలో ఉండదు.

ఆ తర్వాత చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపండి. ఆట ఇక్కడుంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగు నుంచి చక్రానికి వచ్చే కడ్డీ చివరి కీలు) గానీ, స్టీరింగు ర్యాక్ (ఆ కడ్డీల్ని అటూ ఇటూ జరిపే భాగం) గానీ కారణం.

వీటన్నిటికంటే మీ బండిలో నాకు ముందు అనుమానం స్టెబిలైజర్ బార్ మీద. ఆ తరం ఆల్టోలో, మారుతి 800లో ఈ కడ్డీ రెండు పనులు చేస్తుంది. మలుపుల్లో బండి ఒరగకుండా చూస్తుంది, చక్రం ముందుకీ వెనక్కీ జరగకుండా లోయర్ ఆర్మ్‌ని పట్టి ఉంచుతుంది. కడ్డీ చివర ఆర్మ్‌లోకి దూరి, రెండుపక్కలా రబ్బరు బుష్‌తో, నట్టుతో ఉంటుంది. ఆ రబ్బరు అరిగితే బ్రేకు వేసిన ప్రతిసారీ ఒక టక్, వదిలినప్పుడు ఇంకో టక్ వినిపిస్తాయి. ఖాళీ రోడ్డు మీద నడకవేగంతో వెళ్తూ బ్రేకు రెండుమూడుసార్లు తొక్కి వదలండి, తెలిసిపోతుంది. బార్‌ని బాడీకి పట్టే బ్రాకెట్ల బోల్టులు కూడా చూడండి. అవి చక్రం విసిరే నీళ్లకు నేరుగా తగులుతాయి. పైకి తల బాగానే కనిపిస్తుంది, లోపల సగం తుప్పు తినేసి ఉంటుంది.

చివరగా బానెట్ తెరిచి స్ట్రట్ (షాకబ్జరు, స్ప్రింగు కలిసి ఉన్న భాగం) పైకొస చూడండి. ఒకరు స్టీరింగు తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు మీద చెయ్యి ఆనించాలి. స్ప్రింగు బిగదీసుకుని ఒక్కసారిగా టంగ్‌మని వదిలితే పైన బేరింగు పట్టేసినట్టే. షాకబ్జరు మార్చినప్పుడు ఆ బేరింగు ఉండే పై మౌంటు, బంప్ స్టాపరు (స్ప్రింగు పూర్తిగా నొక్కుకుంటే దెబ్బ ఆపే దిమ్మ) పాతవే తిరిగి వేసేస్తుంటారు. మీ బండిలో కూడా అదే జరిగిందేమో అడగండి. దాన్ని మళ్లీ విప్పాల్సివస్తే స్ప్రింగు కంప్రెసర్ లేకుండా పైన నడిమి నట్టు మాత్రం వదులు చేయనివ్వకండి. రెండు కొక్కేల్ని ఎదురెదురుగా తగిలించి, సమంగా బిగించి, స్ప్రింగు కప్పులో కదులుతున్నప్పుడే నట్టు తీయాలి.

ప్రశ్న (అమలాపురం): లోయర్ ఆర్మ్ మార్చాలన్నారు. బాల్ జాయింట్ దగ్గర బోల్టు కదలడం లేదు, గ్యాసు పెట్టి కాలుస్తామంటున్నారు. కాల్చనివ్వొచ్చాండీ?

జవాబు: ఆర్మ్ ఎలాగూ పారేసేదే, దానికి నష్టం లేదు. నష్టం పక్కవాటికి. నకిల్‌ని ఆనుకుని బేరింగు, బ్రేకు గొట్టం, డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ) రబ్బరు బూటు ఉన్నాయి. మంటకు బూటు మెత్తబడి చిల్లుపడితే కొన్ని నెలల్లో గ్రీజు కారిపోయి జాయింటు పోతుంది. అప్పటికి ఎవరికీ మంట గుర్తుండదు. కాబట్టి మంటను చివరికి ఉంచండి.

ఆ బోల్టు నకిల్ చెవుల్ని బిగించడమే కాదు, బాల్ జాయింట్ కాడ మీదున్న గాడిలోంచి కూడా పోతుంది. వదులు చేసి సరిపెట్టుకుంటే జాయింటు రాదు, బోల్టు పూర్తిగా బయటికి రావాలి. పని ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టండి. బయటికి కనిపించే దారాల్ని వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా గీకండి. తుప్పు మీద నూనె పోస్తే తుప్పే తాగేస్తుంది. తర్వాత పెనిట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి దూరే పల్చటి నూనె) రెండు చివర్లా పోసి, బోల్టు తల మీద చిన్న సుత్తితో పది పన్నెండు దెబ్బలు వేయండి. ఆ అదురుకి నూనె లోపలికి పాకుతుంది. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి పోయండి. డబ్ల్యూడీ-40 పేరులో డబ్ల్యూడీ అంటే నీటిని తరిమేది అని అర్థం. చిన్న తుప్పుకి అది చాలు, బిగుసుకుపోయిన బోల్టుకి పెనిట్రేటింగ్ ఆయిలే నయం.

పొద్దున విప్పేటప్పుడు పన్నెండు పలకల రింగు స్పానర్ వాడకండి, అది తలని గుండ్రం చేస్తుంది. ఆరు పలకల సాకెట్ వేయాలి. మొదట విప్పే వైపు తిప్పకుండా వెంట్రుకవాసి బిగించండి. టిక్‌మంటే తుప్పు విరిగినట్టే. అప్పుడు పావు చుట్టు విప్పండి, మళ్లీ కొంచెం బిగించండి, నూనె వేయండి, ఇంకో పావు చుట్టు. బోల్టు స్ప్రింగులా మెలిపడుతున్నట్టు చేతికి తెలిస్తే అక్కడే ఆగండి. ఇంకా బలం పెడితే తల తెగుతుంది. తెగితే మిగిలిన ముక్క మధ్యలో సెంటర్ పంచ్ కొట్టి 3 మి.మీ., తర్వాత 5 మి.మీ. బిట్టుతో తొలవాలి. మధ్య తప్పితే నకిల్ దారాలు పోతాయి. అంత నమ్మకం లేకపోతే నకిల్ విప్పి లేత్ షాపుకి తీసుకెళ్లండి. కొత్త నకిల్ కంటే అది చవక.

ఆర్మ్ లోపలి చివర ఇంకో మొండి బోల్టు ఉంటుంది. అక్కడ బోల్టు బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోతుంది. తిప్పుతుంటే తల తిరుగుతుంది, దానితోపాటు రబ్బరూ మెలికపడుతుంది గానీ బోల్టు రాదు. కొట్టి లాభం లేదు. బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సందులో హాక్సా బ్లేడు దూర్చి రెండుపక్కలా కోసేయండి. బ్రాకెట్ గీసుకుపోకుండా చూసుకోండి, అది బాడీలో భాగం. కొత్త బోల్టు ముందే కొని దగ్గర పెట్టుకోండి. దాని నున్నటి భాగానికి పల్చగా కాపర్ గ్రీజు రాస్తే ఈసారి విప్పేవాళ్లు బతికిపోతారు.

ప్రశ్న (ఆకివీడు): రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే బండి. కింద తుప్పు ఆగడం లేదు. అండర్‌బాడీ కోటింగు వేయిస్తే సరిపోతుందా? కొందరు పాత ఇంజిన్ ఆయిల్ కొట్టించమంటున్నారు.

జవాబు: పాత ఆయిల్ వద్దు. సస్పెన్షన్ బుష్‌ల రబ్బరు నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. తుప్పు ఆపబోయి బుష్‌లు పోగొట్టుకుంటారు.

చెరువు నీటిలో ఉప్పుంది, గట్టు మట్టిలోనూ ఉంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. ఉప్పునీటిలో ఉండే మెగ్నీషియం క్లోరైడుకి 33 శాతం దగ్గరే తడి పడుతుంది. డెల్టా గాలిలో తేమ అంతకు దిగే రోజులు బహు అరుదు. అంటే వాన లేకపోయినా, బండి షెడ్డులో ఉన్నా మీ లోయర్ ఆర్మ్ మీద మట్టి తడిగానే ఉంటుంది. తుప్పు ఆగకపోవడానికి కారణం అదే.

కాబట్టి మొదటి మందు మంచినీళ్లు. వారానికోసారి కుళాయి పైపుతో ముందు చక్రాల లోపలివైపు, స్ప్రింగు కింది కప్పు, లోయర్ ఆర్మ్ పైభాగం, బ్రాకెట్ల మూలలు కడగండి. చెరువు మోటారు నీళ్లతో కడిగితే కడిగినట్టు కాదు. స్ప్రింగు చివరి చుట్టు కప్పులో కూర్చునే చోట బురద గడ్డకడుతుంది. స్ప్రింగు విరిగేది ఎక్కువగా అక్కడే, విరిగిన ముక్క టైరుని కోసేస్తుంది కూడా. ఆ బురదని సన్నటి పుల్లతో తవ్వి తీయండి. కప్పుకి నీరు పోయే రంధ్రం ఉంటే తెరిచి ఉంచండి.

తుప్పు మీదే కోటింగు వేయిస్తే తడి లోపలే ఉండిపోయి, పైకి నల్లగా నిగనిగలాడుతూ లోపల రేకు కరిగిపోతుంది. కడిగి ఒక రోజంతా ఎండనివ్వాలి. పొరలు ఊడేదాకా వైర్ బ్రష్, తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్. అది ఎర్రటి తుప్పుని నల్లటి పొరగా మారుస్తుంది. చేతికి తొడుగులు వేసుకోండి. అది పూర్తిగా ఆరాక దానికి సరిపడే ప్రైమరు రెండు కోట్లు, దానిపై పెయింటు. పెట్టెలా మూసి ఉన్న భాగాల్లోకి రంధ్రంలోంచి క్యావిటీ వ్యాక్స్ కొట్టించండి. రబ్బరు, దారాలు, బ్రేకు డిస్కుల మీద ఏదీ పడకూడదు.

ప్రశ్న (పాలకొల్లు): స్ట్రట్ పైన బిగించే చోట రేకు తుప్పు పట్టి పొరలుగా ఊడుతోంది. పైన ఒక ప్లేటు వేసి వెల్డింగు చేస్తామంటున్నారు.

జవాబు: ఒప్పుకోకండి. ముందు చక్రం కింద ప్రతి గుంటా కొట్టే దెబ్బ ఆ రేకుకే తగులుతుంది. తుప్పు మీద ప్లేటు అతికిస్తే వెల్డింగు పట్టేది పొట్టుకే. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడుస్తూ వెళ్లి గట్టి ఇనుము ఎక్కడ మొదలవుతుందో గుర్తుపెట్టండి. అక్కడిదాకా కోసేసి, పాత రేకు మందానికి తగ్గని కొత్త రేకు సీఓటూ వెల్డింగుతో అతకాలి. మామూలు ఆర్క్ వెల్డింగు పల్చటి రేకుకి చిల్లులు పెడుతుంది. కోసే ముందే అవతలివైపు స్ట్రట్ మౌంటు నుంచి దీనికి దూరం కొలిచి రాసుకోవాలి, లేకపోతే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే తీరు) ఎప్పటికీ కుదరదు. బ్యాటరీ తీగలు విప్పండి. గట్టి ఇనుము కోసం పొడుస్తూ పోతే అది క్రాస్ మెంబర్ (బండి కింద అడ్డంగా ఉండే దూలం) దాకా దొరక్కపోతే ఆ బండి మీద ఇంక ఖర్చు పెట్టొద్దు. బాధగానే ఉంటుంది, అయినా కొత్త విడిభాగాలు కొనకముందే ఈ పరీక్ష చేయాలి.

లోయర్ ఆర్మ్ తుప్పుతిని చిల్లుపడితే వెల్డింగు మాటే వద్దు, కొత్తది వేయండి.

ప్రశ్న (నరసాపురం): ఆర్మ్ బుష్‌లు కొత్తవి వేయించి నాలుగు నెలలే అయింది, మళ్లీ చిరిగిపోయాయి. టైరు లోపలి అంచు కూడా అరుగుతోంది.

జవాబు: బండిని లిఫ్టు మీద, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు బిగించేసి ఉంటారు. ఈ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, దానిలో తిరిగేదంటూ ఏమీ లేదు, మెలిపడుతుందంతే. వేలాడే స్థితిలో బిగిస్తే బండి కిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి, ఇరవైనాలుగు గంటలూ అలాగే ఉంటుంది. బోల్టులు వేలితో బిగించి, బండిని దింపి, బండి ముందుభాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి వదిలి, అప్పుడు టార్క్ రెంచితో (బిగింపు ఎంతో చూపే రెంచితో) బిగించమనండి. బుష్‌లు రెండువైపులా మార్చండి.

టైరు సంగతికొస్తే, పని తర్వాత అలైన్‌మెంట్ చేయించారా? ఆర్మ్ మారినా, టై రాడ్ ఎండ్ మారినా టో (చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) మారుతుంది. బుష్‌లు చిరిగి ఉండగా అలైన్‌మెంట్‌కి ఇచ్చే డబ్బు మాత్రం దండగ. కొత్తవి వేశాకే వెళ్లండి.

ప్రశ్న (రావులపాలెం): తుప్పు గొడవ లేకుండా సస్పెన్షన్‌కి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేసేయొచ్చా?

జవాబు: వద్దండి. బజార్లో దొరికే స్టెయిన్‌లెస్ బోల్టు కంపెనీ బోల్టంత బలం ఉండదు, పైగా బిగించేటప్పుడు దారాలు ఒకదానికొకటి కరుచుకుంటాయి. పాత బోల్టు తల మీద దాని బలం తెలిపే అంకె 8.8 అనో 10.9 అనో అచ్చు ఉంటుంది. అదే అంకె, అదే పొడవు, అదే నున్నటి భాగం ఉన్నది వేయండి. స్వయంగా బిగుసుకునే నట్టు అయితే ఒకసారి విప్పాక కొత్తది, కోట నట్టు (పైన కోటగోడలా గాళ్లున్నది) అయితే ఆ గాళ్లలో దూర్చే స్ప్లిట్ పిన్ను కొత్తది.