మురుగు కాలువ దోమ వేరు, డెంగీ దోమ వేరు

"మా ఇంటి ముందు మురుగు కాలువలో పూడిక తీయరు, దోమలు విపరీతం, పిల్లలకు డెంగీ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది, అసలు ఏ దోమ ఏ వైరస్‌ను మోస్తుంది?" అని అడిగారు. తిరుపతిలో ఆశా కార్యకర్తగా ఇల్లిల్లూ తిరిగేదాన్ని కాబట్టి గట్టిగానే చెప్తాను. కాలువ గురించి మీరు ఎంత కోప్పడినా న్యాయమే. కానీ డెంగీ దోమ కోసం ముందు మీ మిద్దె ఎక్కి చూడండి.

కాలువలో పెరిగేది క్యూలెక్స్. రాత్రిళ్ళు చెవి దగ్గర గుయ్యిమని నిద్ర చెడగొట్టేది అదే. దానితో వచ్చేది బోదకాలు, అది సన్నటి పురుగు వల్ల వచ్చే జబ్బు. డెంగీ, చికున్‌గున్యా, జికా వైరస్‌లను మోసేది ఏడిస్, కాళ్ళ మీద తెల్ల చారలుండే నల్ల దోమ. పగటిపూట కుడుతుంది, అందులోనూ పొద్దున పూట, మళ్ళీ పొద్దుగూకే ముందు ఎక్కువ. రాత్రి కాయిల్ వెలిగించి నిశ్చింతగా పడుకునేవాళ్ళు ఈ సంగతి పట్టించుకోరు.

మా పరిధిలో ఒక ఇంట్లో పిల్లాడికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో పెట్టారు. మేము సర్వేకి పోతే వాళ్ళ అవ్వ వాకిట్లోనే కాలువ చూపించి తిట్టడం మొదలుపెట్టింది. సరే అవ్వా అని మిద్దెక్కాను. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, మీద పగిలిన రేకుముక్క, పక్కన చెయ్యి పట్టేంత సందు. టార్చి వేయగానే లోపలున్న దోమ పిల్లలన్నీ, అంటే లార్వా, మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. కాసేపు కదలకుండా నిలబడితే ఒక్కొక్కటే పైకి వచ్చి, తోక నీటి అంచుకు ఆనించి తలకిందులుగా వేలాడాయి. లోటాతో ముంచి తెల్ల గిన్నెలో పోసి అవ్వకు చూపించాను. "ఇంత తేటగా ఉండాయి కదమ్మా నీళ్ళు, దీంట్లో దోమ యాడ్నుంచి వస్తాది?" అంది. తేటగా ఉన్నాయనే వచ్చింది అవ్వా అన్నాను.

పారబోద్దామంటే కోడలు ఒప్పుకోలేదు. "రోజు మార్చి రోజు వదిలే నీళ్ళక్కా, పారబోస్తే రేపు బిందె ఎవరిస్తారు?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చివరికి పంచెగుడ్డతో వడకట్టి వేరే పాత్రల్లోకి పట్టి, డ్రమ్ము లోపలి గోడ కొబ్బరి పీచుతో తోమించి, గుడ్డ కట్టించాను. తోమడం ఎందుకంటే, ఏడిస్ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అతుక్కుని ఉంటాయి, మసి రేణువుల్లాగా. నీళ్ళు ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్ళీ తడి తగిలితే పిల్లలవుతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది, అందుకే వారానికోసారి శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ళ పాత్రలన్నీ ఖాళీ చేసి తోమే రోజు, అని మేము మొత్తుకునేది.

నా గట్టి నమ్మకం ఏమిటంటే, కొళాయి రోజూ వస్తే మన ఊళ్ళో డెంగీ సగానికి పైగా తగ్గుతుంది. కల్యాణి డ్యామ్ నీళ్ళో, తెలుగు గంగ నీళ్ళో ఇంటికి రోజూ చేరితే ఎవరూ డ్రమ్ములు, తొట్లు, సంపులు నింపి పెట్టుకోరు. దాని గురించి అడగరు, పొగ మాత్రం కొట్టమంటారు! ఫాగింగ్ అప్పటికి గాల్లో ఎగురుతున్న దోమల్నే చంపుతుంది, లార్వాను ముట్టదు. ఏడిస్ పగలంతా మంచాల కింద, తగిలించిన బట్టల వెనక దాక్కుంటుంది. వీధిలో కొట్టే పొగ దానికేం చేస్తుంది? 2006లో చికున్‌గున్యా వచ్చి రాయలసీమలో ఊళ్ళకు ఊళ్ళు కీళ్ళు పట్టుకుని మంచాన పడ్డాయి, అదీ ఈ దోమ పనే.

ఒక దోమ మోసేది ఇంకో దోమ ఎందుకు మోయదు అంటే, రక్తంతో పాటు వైరస్ కడుపులోకి పోతే సరిపోదు. పేగు గోడలో పెరిగి, దాన్ని దాటి, లాలాజల గ్రంథుల దాకా చేరాలి. ఏడిస్‌లో డెంగీ వైరస్‌కు దీనికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది, ఆ తర్వాత ఆ దోమ బతికినంత కాలం అంటిస్తూనే ఉంటుంది. సరిపడని దోమలో వైరస్ తిండితో పాటే అరిగిపోతుంది. హెచ్ఐవీ దోమల ద్వారా రాకపోవడానికి కూడా కారణం ఇదే. పైగా ఏడిస్ ఒక్కరి దగ్గర కడుపు నింపుకోదు, కాస్త కదిలితే లేచి పక్కవాళ్ళను కుడుతుంది, అందుకే ఒకే ఇంట్లో వరసగా పడతారు.

క్యూలెక్స్‌లోనే వరి మళ్ళలో పెరిగే రకం ఒకటుంది, అది మెదడువాపు వైరస్‌ను మోస్తుంది. ఆ వైరస్ పెరిగేది పందుల్లో, కొంగల్లో. మనిషికి వస్తుంది కానీ మన రక్తంలో దోమకు అంటేంత వైరస్ ఉండదు, అక్కడితో ఆగిపోతుంది. డెంగీ అలా కాదు, మనిషి నుంచే దోమకు పోతుంది. జ్వరం మొదలైన మొదటి ఐదు రోజులూ రోగి రక్తంలో వైరస్ బాగా ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా డెంగీ అనుమానం ఉంటే ప్లేట్‌లెట్ల కోసం పరుగెత్తే ముందు వాళ్ళను పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టండి. జ్వరానికి పారాసెటమాల్ చాలు, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రం డాక్టర్ చెప్పకుండా వేయొద్దు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

కాలువ పూడిక గురించి వార్డు సచివాలయంలో అర్జీ పెట్టండి. ఈ శుక్రవారం మాత్రం డ్రమ్ము, ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్, పూలకుండీ కింద పళ్ళెం మీరే ఖాళీ చేసి తోమండి.