పైలట్ జీతం న్యాయమైనదే, కానీ పొలం అమ్మే ముందు కొంచెం ఆగండి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా. మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సాగర్ వైపు తిరిగే శిక్షణ విమానాలను చూస్తూ పెరిగింది, పైలట్ అవుతానంటోంది. కోర్సుకు అరకోటి దాటుతుందట. కాలువ కింద మూడెకరాలుంది, అదే అమ్మాలి. మా బామ్మర్దేమో "విమానం ఇప్పుడు దానంతటదే నడుస్తది, పైలట్లకు అన్ని లక్షలు దండగ, రేపోమాపో తగ్గిస్తరు" అంటున్నాడు. ఆ జీతాలు నిలుస్తాయా?

జవాబు: మీ బామ్మర్ది మాటతోనే మొదలుపెడతాను. ఆటోపైలట్ ఉన్నమాట నిజమే. పైకి వెళ్లాక చాలా దూరం అదే నడుపుతుంది. కానీ శంషాబాద్ రన్‌వే మీద 180 మందితో విమానం పరుగు తీస్తున్నప్పుడు కెప్టెన్ చెయ్యి ఇంజిన్ లివర్ల మీదే ఉంటుంది, తేడా వస్తే వెంటనే వెనక్కి లాగి ఆపడానికి. వీ1 అనే వేగం చేరగానే ఆ చెయ్యి తీసేస్తారు. ఆ తర్వాత ఒక ఇంజిన్ ఆగిపోయినా ఆగకూడదు. ఆపుదామంటే మిగిలిన రన్‌వే చాలకపోవచ్చు. ఉన్న ఒక్క ఇంజిన్‌తో పైకి లేచి, చుట్టు తిరిగొచ్చి దిగాలి. ఆలోచించుకోవడానికి దొరికేది ఒకటి రెండు సెకన్లు. సర్వీసు మొత్తంలో ఆ పరిస్థితి ఒక్కసారి కూడా రాకపోవచ్చు. అయినా ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి అదే పరీక్ష పెడతారు, ఫెయిలైతే విమానం ఎక్కనివ్వరు. దీనికితోడు మెడికల్ పరీక్షలు, డ్యూటీకి బ్రీత్ ఎనలైజర్. ఒంట్లో చిన్న తేడా వచ్చినా ఆదాయం ఆగిపోయే వృత్తి ఇది. ఆ జీతం వాళ్లకు న్యాయంగా రావాల్సిందేనని నా నమ్మకం.

తక్కువిస్తే ఎలా ఉంటుందో అమెరికా చూసింది. 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని విచారణలో తేలింది. అయితే అదే విచారణలో కో-పైలట్ పరిస్థితి కూడా బయటపడింది. ఆమె ఏడాది జీతం పాతిక వేల డాలర్లకు లోపే. పనిచేసేది తూర్పు తీరంలో, ఉండేది పడమటి తీరాన తల్లిదండ్రుల దగ్గర. ముందు రాత్రంతా ప్రయాణం చేసి, జలుబుతోనే డ్యూటీకి వచ్చింది. ఆ ప్రమాదం తర్వాతే అక్కడ కో-పైలట్‌కు కూడా 1500 గంటల అనుభవం ఉండాలనే చట్టం వచ్చింది, కాలక్రమంలో జీతాలూ పెరిగాయి. మన దగ్గర ఇప్పుడు గొడవ జీతం కంటే విశ్రాంతి గురించి. పైలట్లకు వారానికి 36 గంటలున్న విశ్రాంతిని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 48 గంటలు చేసింది. దానికి తగ్గట్టు సిబ్బందిని సమకూర్చుకోక 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. నిద్రలేని మనిషికి ఎన్ని లక్షలిస్తే మాత్రం ఏం లాభం?

ఇక మీ మూడెకరాల సంగతి. మీరు వింటున్న ఐదారు లక్షలు, ఆపైన, కెప్టెన్ల నెలజీతం. ఆ సీటు 200 గంటలు ఎగిరితే వచ్చే కమర్షియల్ లైసెన్స్‌తో దొరకదు. కో-పైలట్‌గా చేరి, 1500 గంటలు పూర్తిచేసి, ఏటీపీఎల్ అనే పైస్థాయి లైసెన్స్ తెచ్చుకుని, కంపెనీ అవకాశం ఇచ్చేదాకా కొన్నేళ్లు ఆగాలి. ఎయిరిండియా, ఇండిగో 2023లో వందల విమానాలకు ఆర్డరిచ్చాయి, పైలట్ల కొరత ఉందంటారు. ఆ కొరత ప్రధానంగా అనుభవమున్న కెప్టెన్లకు. లైసెన్స్ చేతిలో పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసే కొత్త పిల్లలూ ఉన్నారు. ఆ కాలంలో రూపాయి రాదు, పైగా ఏ320 లాంటి ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా కావాల్సిన అర్హత, టైప్ రేటింగ్ పేరుతో ఇంకో 15 లక్షలో, అంతకన్నా ఎక్కువో కట్టాల్సి రావచ్చు. నాకు బాధ కలిగించేది ఇదే. బాధ్యతకు తగ్గ జీతం ఇస్తున్నామంటారు గానీ, ఆ శిక్షణ ఖర్చు మొత్తం కుటుంబం నెత్తిన పెడతారు. ఇంత ప్రజాభద్రత ముడిపడిన ఉద్యోగానికి ఆస్తులు అమ్ముకోగలిగినవాళ్లే రావాలన్నట్టుంది. కంపెనీలు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండవు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. మంచి అనుభవమున్న పైలట్లు సైతం రోడ్డున పడ్డారు.

కాబట్టి ముందుగా డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర శిక్షణ మొదలుపెట్టడానికి కావాల్సిన క్లాస్ 2 మెడికల్, తర్వాత కమర్షియల్ లైసెన్స్‌కు కావాల్సిన క్లాస్ 1 చేయించండి. రంగుల గుర్తింపులో లోపం లాంటిది ఉంటే ఇక్కడే తెలిసిపోతుంది, ఖర్చు వేలల్లోనే అయిపోతుంది. లైసెన్స్ కోసం డీజీసీఏ పెట్టే నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్ పేపర్లు రాయడానికి ఎకరం అమ్మక్కర్లేదు. అవి పాసైతే బిడ్డకు ఎంత పట్టుదలుందో మీకే అర్థమవుతుంది. ఈలోగా సైనిక అధికారుల శిక్షణకు ఇంటర్ స్థాయిలో యూపీఎస్సీ పెట్టే ఎన్డీఏ పరీక్ష రాయించండి. ఇప్పుడు అమ్మాయిలకూ అవకాశం ఉంది, ఎంపికైతే ఎయిర్‌ఫోర్స్ ఖర్చుతోనే ఎగరడం నేర్పుతారు. సీట్లు తక్కువ, నిజమే, అయినా వదులుకోవద్దు. డిగ్రీ తర్వాత ఎయిర్‌ఫోర్స్ పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష మరో దారి. ప్రభుత్వ పైలట్ శిక్షణ అకాడమీ ఇగ్రువాలోనూ ఫీజు లక్షల్లోనే, కానీ ఎంట్రన్స్ ఉంటుంది కాబట్టి బిడ్డ ఎక్కడ నిలబడిందో తెలుస్తుంది.

మరొకటి, మీకు కష్టమైనా చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో మీ పక్కన పెద్దవూర మండలంలోనే శిక్షణ విమానం కూలి, ఒంటరిగా ఎగురుతున్న ట్రైనీ అమ్మాయి చనిపోయింది. బాధ్యత ఉద్యోగంతో మొదలవదు, మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజే మొదలవుతుంది. ఏ స్కూల్‌లో చేర్చే ముందైనా వెళ్లి విమానాలెన్ని, వాటిలో ఎగురుతున్నవెన్ని, ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, 200 గంటలకు పిల్లలకు నిజంగా ఎన్నాళ్లు పట్టింది అని అడగండి. చదువుతున్న పిల్లలను బయట టీ దగ్గర కలిసి అడిగితే ఇంకా మంచిది. ఫీజు ఒక్కసారే కట్టమంటే ఒప్పుకోకండి, ఎగిరిన గంటలను బట్టి వాయిదాల్లో కడతామనండి.

ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి తేడా ఉంది కదా, ఆ లెక్క ఇద్దరం కూర్చుని వేయవచ్చు. క్లాస్ 1 రిపోర్టు వచ్చాక దానితో పాటు మీ ఏడాది ఆదాయం కూడా రాసి పంపండి.