పాట సందేహాలు: ఫోన్‌లో కుదిరిన పాట స్టేజీ మీద ఎందుకు జారింది?

ప్రశ్న: మాది దేవరకొండ. నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. ఫోన్ యాప్‌లో ట్యూనింగ్ ఆన్ చేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కో లైను పాడి అతికిస్తాను. అందరూ మెచ్చుకుంటారు. అదే పాట మొన్న కాలేజీ ఫంక్షన్‌లో ట్రాక్ (గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉన్న రికార్డింగ్) మీద పాడితే చరణంలో శ్రుతి తప్పింది, పై స్వరం అందలేదు. ఆన్‌లైన్‌లో అందరూ అంత శుభ్రంగా ఎలా పాడుతున్నారు మేడమ్? నా గొంతు పాటకు పనికిరాదా?
— ఒక పాఠకురాలు

జవాబు: నీ గొంతుకు ఏ లోటూ లేదమ్మా, ముందు ఆ టెన్షన్ వదిలెయ్.

నువ్వు చూసే వీడియోల్లో చాలావరకు ఒకే పల్లవిని పదిసార్లు పాడి, బాగా వచ్చిన ముక్కలు ఏరి కలుపుతారు. ఒక్కోసారి మాటకు మాట కూడా అతుకుతారు. తర్వాత శ్రుతి సరిచేస్తారు, హెచ్చుతగ్గులు సమం చేస్తారు, కాస్త ఎకో వేస్తారు. వీడియో ఇంకోరోజు తీస్తారు, అందులో పెదవులు కదిలిస్తే చాలు. శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలో చమురు జాడ కనిపెట్టే లెక్కల మీద పనిచేసిన మనిషి. పెద్ద స్టూడియోల్లోనూ వాడతారు, నేను తప్పు పట్టను. కానీ ఆ పాటను ఏ గొంతూ ఒక్క ఊపున పాడలేదు. దాని పక్కన నీ గొంతు పెట్టుకుని బాధపడుతున్నావు చూడు, అదే నాకు కష్టంగా ఉంది.

నీ విషయంలో అసలు నష్టం చెవికి జరిగింది. నువ్వు కాస్త కిందికి జారినా, సాఫ్ట్‌వేర్ దాన్ని పన్నెండు స్వరస్థానాల్లో దగ్గరున్నదానికి లాగి, సరిచేసిన గొంతునే నీకు వినిపిస్తుంది. చెవి అంతా బాగుందనుకుంటుంది. జారిన సంగతి చెవికే తెలియకపోతే గొంతు ఎలా సర్దుకుంటుంది? గమకాలకు, అంటే స్వరాన్ని ఊపుతూ పాడే చోట్లకు, ఇంకా కష్టం. తోడి రాగంలో గాంధారం (గ స్వరం) ఊగాలి, ఆ ఊపులోనే రాగం ఉంది. ట్యూనింగ్ గట్టిగా పెడితే ఆ ఊపును మెట్లు మెట్లుగా నరికేస్తుంది. అందుకే నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మొదటి ఏడాది ట్యూనింగ్ యాప్ వద్దంటాను.

ఇక స్టేజీ సంగతి. ట్రాక్ సినిమాలో పాడినావిడ శ్రుతిలో ఉంటుంది. ఆవిడది అయిదున్నర శ్రుతి, నీకు సుఖమైనది అంతకంటే కిందిదైన నాలుగు శ్రుతి అయితే చరణంలో పైకి ఎలా అందుతుంది? ట్రాక్ లేకుండా అద్దం ముందు చరణం పాడు. పై స్వరం దగ్గర గడ్డం పైకి లేచి, మెడ నరాలు ఉబ్బితే గొంతు బిగిసినట్టే. అర శ్రుతి చొప్పున దించుకుంటూ రా, గడ్డం కదలని చోట ఆగు. ట్రాక్‌ను ఆ శ్రుతికి మార్పించుకో. స్టేజీ మీద స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటాయి, నీ గొంతు నీకు వినపడదు. నీ వైపు ఒక బాక్స్ తిప్పమని ముందే అడుగు. లేదంటే మన జానపద గాయకుల్లా ఒక చెవికి చెయ్యి అడ్డం పెట్టుకో.

రోజూ పొద్దున ఇరవై నిమిషాలు చాలు. ఫోన్‌లో తంబూర పెట్టి షడ్జం (స స్వరం) మీద ‘ఆ’ అంటూ ఆకారం నిలుపు. తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళి వరసలు (సరిగమల తొలి పాఠాలు), మొదటి కాలంలోనే, అంటే అన్నిటికన్నా నిదానమైన వేగంలో. నిదానంగా పాడటమే కష్టం, ఊపిరి ఎక్కడ అయిపోతుందో అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత తంబూర ఆపి, ట్యూనింగ్ లేని మామూలు రికార్డర్‌లో పాట ఒకే ఊపున పాడు. చివర్లో తంబూర మళ్లీ పెట్టి నీ షడ్జం కలిసిందో లేదో చూడు. శ్రుతి దిగితే రికార్డింగ్ విని ఎక్కడ జారిందో వెతుకు. చాలాసార్లు అది లైను చివర, ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకోకపోవడం వల్లే. సాహిత్యంలో ఆ చోట గీత పెట్టుకో. ఒక లైను వరసగా మూడుసార్లు జారకుండా వస్తేనే వచ్చినట్టు.

ఇంకోటి, ఈసారి బతుకమ్మకు మీ వాడలో పాట ఎత్తుకునేది నువ్వే కావాలి. మైకు ఉండదు, చప్పట్లు ఉంటాయి, వెనక పాడేవాళ్లందరికీ అందే శ్రుతి నువ్వే పట్టాలి. పాట ముగిసేసరికి ఆ శ్రుతి అక్కడే ఉందో లేదో వినిపించుకో.

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు, బాగా పాడుతుంది. వీడియోలకు మంచి మైకు కొనమంటోంది. కొనాలా, ముందు పాఠానికి పంపాలా?
— ఒక తండ్రి, కల్వకుర్తి

జవాబు: పాఠానికే పంపండి. మైకు ఇప్పుడే అవసరం లేదు, తంబూర యాప్ ఉచితంగానే దొరుకుతుంది. పాప వీడియోల్లోలాగా అరిచి పాడుతుంటే ఆపండి. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.