తప్పు మనదే అనిపించే ఆట

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల కాంట్రా ఆట గురించి ఇక్కడ రెండు ముక్కలు రాశాను, దాంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో వీడియో గేమ్‌ల మీదవే ఎక్కువ. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి, ఈసారికి ఇవే తీసుకుంటున్నాను.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా మావయ్య ఎప్పుడు కలిసినా మారియో, కాంట్రా లాంటి ఆటలు మళ్లీ రావు అంటారు. నాకేమో ఆయన తన చిన్నతనాన్ని మెచ్చుకుంటున్నారు తప్ప ఆటలో అంత గొప్పతనం ఏమీ లేదనిపిస్తుంది. అసలు ఒక గేమ్ క్లాసిక్ అవ్వాలంటే ఏం ఉండాలి? – ఆమదాలవలస నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, నీ అనుమానంలో సగం నిజముంది. జ్ఞాపకాల వల్ల మాత్రమే బాగున్న ఆటలు బోలెడు ఉన్నాయి, వాటిని ఇప్పుడు పెట్టి చూస్తే పది నిమిషాలు కూర్చోలేం. కానీ మారియో ఆ లెక్కలోకి రాదు, ఎందుకో ఈ వేసవిలో మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. సెలవులకి విజయనగరం వచ్చింది. దానికి ఈ పాత ఆటల జ్ఞాపకం ఏమీ లేదు కదా అని టీవీకి తగిలించి 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ పెట్టి రిమోట్ చేతికిచ్చాను, ఏ బటన్ ఎందుకో కూడా చెప్పలేదు. పుట్టగొడుగులా ఉండే మొదటి శత్రువు ఎదురొచ్చింది, తగిలింది, మారియో చచ్చిపోయాడు. "అయ్యో, నేనే చూసుకోలేదు" అంది. నేను నోరు తెరిచేలోపే మళ్లీ మొదలుపెట్టేసింది. రెండోసారి గెంతింది. మూడోసారి దాని నెత్తి మీదే గెంతింది.

ఆ "నేనే చూసుకోలేదు" అన్న మాట దగ్గరే నాకు మొత్తం విషయం ఉందనిపిస్తుంది. ఓడిపోయినప్పుడు తప్పు ఆటది కాదు, నాదే అని ఆడేవాడికి అనిపించాలి, ఈసారైతే చేసేయగలను అని వెంటనే అనిపించాలి. అలా అనిపించే ఆటకి వయసు రాదు.

ఇది దానంతటది జరిగిపోదు, దాని వెనక చాలా పని ఉంటుంది. మారియోని తయారుచేసిన షిగెరు మియమోతో బృందం ఆ మొదటి లెవెల్‌ని ఎలా పేర్చిందో ఒకసారి నిదానంగా చూడు. మారియో స్క్రీన్ ఎడమ పక్కన ఉంటాడు, కుడి పక్కంతా ఖాళీ, అంటే అటు నడవాలని ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రశ్న గుర్తున్న పెట్టెని కొడితే బయటికొచ్చిన ఇంకో రకం పుట్టగొడుగు కుడివైపుకి పోయి, పైపుకి తగిలి, వెనక్కి తిరిగి నీ మీదకే వస్తుంది. పైన ఇటుకలు అడ్డం కాబట్టి తప్పించుకోవడం కష్టం. తగిలితే పెద్దవాడివైపోతావు, ఇది మంచిదన్నమాట అని నీకే తెలిసిపోతుంది. ఇక నాకు బాగా ఇష్టమైనది లెవెల్ చివర్లో ఉంటుంది. రెండు మెట్ల వరసలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో మామూలు నేలే, పడినా ఏమీ కాదు. కాస్త ముందుకెళ్తే మళ్లీ అలాంటి మెట్లే, కానీ ఈసారి మధ్యలో గొయ్యి. ముందు నెప్పి లేకుండా నేర్పి తర్వాత పరీక్ష పెట్టారు. మంచి మాస్టారు చేసే పని అది. ఇంత ఆటా 40 కిలోబైట్లు, వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా మామూలుగా అంతకన్నా పెద్దదే. చోటు చాలక మబ్బుకీ పొదకీ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ 1982లో వచ్చిన ఈ.టీ. అప్పట్లో హిట్టయిన సినిమా పేరు, అటారీ లాంటి పెద్ద కంపెనీ, అన్నీ ఉన్నాయి. కానీ పండగ అమ్మకాలకి అందించాలని ఐదు వారాల్లో చేయించారు. అందులోనూ గోతులున్నాయి, ఆడేవాడు మాటిమాటికీ పడిపోతుంటాడు, పైకి రావడానికి తంటాలు పడతాడు, ఎందుకు పడ్డాడో అర్థం కాదు. అమ్ముడుపోని క్యాసెట్లని అమెరికాలో ఆలమొగోర్డో అనే ఊరి దగ్గర చెత్తకుప్పలో పూడ్చేశారు, 2014లో తవ్వి తీశారు కూడా. మారియోలోనూ గొయ్యే, ఇందులోనూ గొయ్యే. ఒకదాంట్లో పడితే మన మీద మనకి కోపం వస్తుంది, ఇంకోదాంట్లో పడితే ఆట మీద వస్తుంది.

ఇక కాంట్రా సంగతి. మీ మావయ్య వయసు వాళ్లకి అది ఎందుకంత ఇష్టమో చెప్తాను. ఘంటస్తంభం దగ్గర సందులో ఒక చిన్న కొట్టు ఉండేది, గంటకి ఐదు రూపాయలు. క్యాసెట్ మీద లక్ష ఆటలని రాసి ఉంటుంది, తీరా చూస్తే అవే పాతికో యాభయ్యో ఆటలు మళ్లీ మళ్లీ. ఆట ఆగిపోతే క్యాసెట్ పీకి, ఊది, మళ్లీ పెట్టేవాళ్లం. కాంట్రాలో ఒక్క గుండు తగిలితే ప్రాణం పోతుంది, మూడే ప్రాణాలు, అయినా మేం విసుక్కోలేదు, ఎందుకంటే గోడలోంచి కాల్చే తుపాకులు, చివర్లో వచ్చే బాస్‌లు ఎప్పుడూ అక్కడే ఉంటాయి, ఈసారి చచ్చినచోట వచ్చేసారి జాగ్రత్తపడొచ్చు. దానికి తోడు పక్కన ఇంకొకడు ఉంటాడు. జలపాతం లెవెల్లో నువ్వు ఒక్కడివీ పైకి ఎక్కేస్తే స్క్రీన్ పైకి జరిగిపోయి కింద ఉన్నవాడు చచ్చిపోతాడు. "ఒరే ఆగరా, నాను కిందున్నాను" అన్న కేక ఆ సందంతా వినపడేది. ఎదటివాడి కోసం ఆగడం కూడా ఆటలో భాగమైపోయింది. ఇది జ్ఞాపకమే, ఒప్పుకుంటాను, కానీ ఆ జ్ఞాపకాన్ని పుట్టించింది ఆ ఆటని కట్టిన తీరే.

గ్రాఫిక్స్ గురించి నువ్వు అడగలేదు గానీ మీ స్నేహితులు అడుగుతారు కాబట్టి టెట్రిస్ గురించి కూడా చెప్పాలి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని రాసిన కంప్యూటర్‌కి బొమ్మలు గీసే శక్తే లేదు, బ్రాకెట్ గుర్తులు పక్కపక్కన పెట్టి దిమ్మలనుకోమన్నాడు. పైనుంచి పడే దిమ్మలని ఖాళీల్లేకుండా పేర్చాలి, వరస నిండితే మాయమవుతుంది, దిమ్మలు ఏడే రకాలు. అందులో శత్రువు లేడు, నిన్ను చంపేది నువ్వు వదిలేసిన ఖాళీలే. 1989లో నింటెండో టీవీ గేమ్‌కి వచ్చిన టెట్రిస్‌లో 29వ లెవెల్‌కి దిమ్మలు ఎంత వేగంగా పడతాయంటే బటన్ నొక్కి పట్టుకుంటే అవి గోడదాకా చేరవు. అక్కడితో ఆట అయిపోయినట్టే అని చాలా ఏళ్లు అనుకున్నారు. తర్వాత కుర్రాళ్లు వేలు వణికిస్తూ బటన్‌ని గబగబా కొట్టడం నేర్చారు, ఆ తర్వాత ఇంకో పద్ధతి కనిపెట్టారు, బొటనవేలు బటన్ మీద ఆనించి, రెండో చేతి వేళ్లతో రిమోట్ వెనక వైపు డోలు మీద దరువేసినట్టు వరసగా తట్టడం. 2023 డిసెంబర్‌లో 13 ఏళ్ల అమెరికా కుర్రాడు 157వ లెవెల్ దాకా వెళ్లాడు, అక్కడ ఆటే తట్టుకోలేక ఆగిపోయింది. వచ్చిన ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఒక ఆటని ఆడే కొత్త పద్ధతి దొరికిందంటే అందులో ఎంత లోతుందో నువ్వే ఆలోచించు. మీ మావయ్యకి నా తరఫున ఒక మాట చెప్పు, మళ్లీ రావు అన్నది మాత్రం తప్పు, వస్తూనే ఉన్నాయి.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు, రోజంతా ఫోన్‌లో షూటింగ్ ఆట. ఏమైనా అంటే ఇది మా కాలం క్లాసిక్ అమ్మా అంటాడు. ఇవి నిజంగా నిలుస్తాయా? – రాజాం నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, వాడు ఓడిపోయాక ఏం మాట్లాడుతున్నాడో ఒక వారం చెవిపెట్టి వినండి. "ఆ మేడ మీదకి ముందే ఎక్కి ఉండాల్సింది" అంటున్నాడా, "వాడు డబ్బులు పెట్టి తుపాకీ కొన్నాడు, నాకూ కొనిపెట్టు" అంటున్నాడా? మొదటి మాటైతే ఆ ఆటలో సరుకుంది. రెండోదైతే అది మీ పర్సు మీద ఆశతో కట్టిన ఆట, అలాంటివి కొత్తది రాగానే పోతాయి. ఓటమి బాధని డబ్బుతో తీర్చుకోమనే ఆటల మీద నాకు బాగా కోపం, అందులోనూ పిల్లలతో.

నిలుస్తాయా అంటే, ఇప్పటి ఆటలకి పాతవాటికి లేని ఒక గండం ఉంది. అవి మన చేతిలో ఉండవు, ఎక్కడో కంపెనీ సర్వర్‌లో ఉంటాయి. పబ్జీ మొబైల్‌ని మన ప్రభుత్వం 2020 సెప్టెంబర్‌లో నిషేధించింది, మర్నాడే పిల్లలు ఎంత బెంగపెట్టుకున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. 2021లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో వచ్చింది, 2022 జులైలో అదీ యాప్ స్టోర్లలోంచి పోయింది, 2023 మేలో తిరిగొచ్చింది. 2024లో సోనీ వాళ్ల కాంకార్డ్ అనే పెద్ద ఆట ఆగస్టు 23న విడుదలై సెప్టెంబర్ 6న మూతపడింది, రెండు వారాలు. ఏళ్ల తరబడి వందల మంది చేసిన పని అది, ఇప్పుడు ఆడదామన్నా కుదరదు. ఆ చేసినవాళ్ల గురించి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అయినా వాడి మాటని కొట్టిపారెయ్యకండి. మైన్‌క్రాఫ్ట్ 2011లో వచ్చింది, 2023 నాటికి 30 కోట్ల కాపీలు దాటింది, అందులో బొమ్మలు చూస్తే ఇటుకల్లా ఉంటాయి. గెలుపు ఓటములు కూడా పెద్దగా లేవు, కట్టుకోవడమే. కౌంటర్ స్ట్రైక్ సంగతి చూస్తే, అది 1999లో ఆటగాళ్లు హాఫ్ లైఫ్ అనే ఇంకో ఆటని మార్చుకుని తయారుచేసుకున్నది, తర్వాతే హాఫ్ లైఫ్ కంపెనీ దాన్ని తీసుకుంది. ఆడేవాళ్లని కూడా ఒక చెయ్యి వెయ్యనిచ్చిన ఆట ఎక్కువ కాలం బతుకుతుంది. సమయం మాత్రం మీరే కట్టడి చెయ్యండి, అది ఎంత మంచి ఆటకైనా తప్పదు.

ప్రశ్న: పాత పుస్తకాల్ని దాచినట్టు వీడియో గేమ్‌లని దాచాలంటున్నారు. అంత అవసరమా? – బొబ్బిలి నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: అవసరమే మాస్టారూ. మన అరుగుల మీద పులీ మేకా ఆట సుద్దముక్కతో గీసుకునేవాళ్లం కదా, మూడు పులులు, పదిహేను మేకలు. గుళ్ల రాతి పలకల మీద కూడా ఆ గీతలు కనిపిస్తాయి. చెక్కినవాడు పోయాడు, రాజ్యాలు పోయాయి, ఆట మాత్రం ఉంది, ఎందుకంటే దానికి కావలసింది నాలుగు గీతలూ కొన్ని గులకరాళ్లూ, తెలిసినవాళ్లు ఒకరు. వీడియో గేమ్‌కి ఆ అదృష్టం లేదు. పెట్టె పాడైపోతే పోయింది, హక్కులున్న కంపెనీ మూతపడితే పోయింది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన పాత ఆటల్లో 87 శాతం మార్కెట్లో కొనడానికి దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చెప్పింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో స్ట్రాంగ్ మ్యూజియం 2015 నుంచి గొప్ప ఆటలని ఎంపిక చేస్తోంది, మొదటి ఏడాది పాంగ్, ప్యాక్‌మ్యాన్, టెట్రిస్, సూపర్ మారియో బ్రదర్స్, డూమ్, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆ జాబితాలోకి ఎక్కాయి. వాళ్లు చూసేది నలుగురికీ తెలిసిందా, ఎన్నాళ్లు నిలిచింది, ఎన్ని దేశాలకి పాకింది, తర్వాతి ఆటల మీద దాని ప్రభావం ఎంత అని.

ఇందులో నాకు డూమ్ కథ ఆశ కలిగిస్తుంది. 1993లో వచ్చిన ఆ షూటింగ్ ఆట కోడ్‌ని చేసినవాళ్లే 1997లో అందరికీ ఇచ్చేశారు. అప్పట్నుంచి దాన్ని క్యాలిక్యులేటర్‌లో కూడా ఆడించారు. పులీ మేకా గీతల్లాగే అదీ ఎవరికి వాళ్లు గీసుకునేదైపోయింది. మీ బడిలో కంప్యూటర్ పీరియడ్ ఉంటే పిల్లలకి ఒకరోజు పులీ మేకా, ఒకరోజు ప్యాక్‌మ్యాన్ ఆడించి చూడండి మాస్టారూ. దెయ్యాలకి చిక్కకుండా చుక్కలు తింటూ తిరగాల్సిన ప్యాక్‌మ్యాన్‌లో నాలుగు దెయ్యాలకి నాలుగు బుద్ధులు, ఎర్రది వెంటపడుతుంది, గులాబీది నువ్వు వెళ్లబోయే చోటుకి ముందే వస్తుంది, నారింజది దగ్గరికొచ్చి పారిపోతుంది, నీలందేమో ఎర్రది ఎక్కడుందో చూసుకుని నడుస్తుంది. ఏ దెయ్యం ఏం చేస్తుందో పిల్లల్నే కనిపెట్టమనండి, గంట కొట్టినా లేవరు.

ప్రశ్న: మా నాన్నగారు రిటైరయ్యారు, ఎప్పుడూ గేమ్ ఆడలేదు, ఒకటి నేర్పమంటున్నారు. ఏది? – సాలూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: టెట్రిస్ పెట్టండి, ఫోన్‌లో వద్దు, బటన్లున్న రిమోట్‌తో టీవీ మీద. మొదటి నాలుగైదు ఆటలు ఎలాగూ త్వరగా అయిపోతాయి, అప్పుడు పక్కన కూర్చుని "అటు కాదు నాన్నా, ఇటు" అనకండి, ఆయన్ని అలా వదిలెయ్యండి. పొడుగు దిమ్మ కోసం ఒక పక్క ఖాళీ ఉంచుకోవాలని ఆయనకే తట్టే రోజు వస్తుంది, నాలుగు వరసలూ ఒకేసారి మాయమైనప్పుడు మిమ్మల్ని పిలుస్తారు, అప్పుడు వెళ్లి చూడండి.